రేకుల మీద ఎండబెట్టిన పాటలు

మీరు ఇప్పటిదాకా ఎన్నో రకాల మూతలు చూసి ఉంటారు. ఇత్తడి మూతలు, స్టీలు మూతలు, మూత దొరకనప్పుడు బోర్లించిన పళ్లేలు. కానీ మహబూబాబాద్ నడిరోడ్డు మీద, ఊరంతా చూస్తుండగా, మామ ప్రాణాన్ని తీసుకెళ్లి పొగలు కక్కే అన్నం గిన్నె మీద మూతగా పెట్టించిన కోడలిని మాత్రం చూసి ఉండరు. ఆ కోడలిని నేనే. చెంబుడు నీళ్లు పక్కన పెట్టుకుని చదవండి. నాకైతే ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే గొంతు ఎండిపోతుంది.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మా ఆయనకు భూపాలపల్లిలో బొగ్గుబాయి నౌకరీ, వారానికోసారి వచ్చేవాడు. నేను అత్తమామలతో మహబూబాబాద్‌లో ఉండేదాన్ని. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న రోజులవి. మా మామ రిటైరైన బడి సార్. పొద్దున చాయ్ తాగి పింఛనుదార్ల దీక్షా శిబిరానికి పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరేవారు. ఉద్యమం కాకుండా ఆయన మనసు పెట్టింది ఒక్కదాని మీదే. చెక్క బీరువాలో ఉన్న గ్రామఫోను రికార్డులు.

ఆ రికార్డులకు జరిగే మర్యాద మా అత్తకు కూడా ఏనాడూ జరగలేదు. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకూడదు, పుస్తకాల్లా నిలబెట్టాలి. అంచులు పట్టుకునే తీయాలి, వేలు దాని మొహం మీద పడకూడదు. పాత ధోవతి నుంచి చింపిన మెత్తటి గుడ్డతో, గీతలు ఎటు తిరిగితే అటే గుండ్రంగా తుడవాలి. తుడిచినంతసేపూ మామ ఊపిరి బిగబట్టేవారు. ఆయన ఊపిరి వదిలేదాకా ఇంట్లో మేమూ వదిలేవాళ్లం కాదు.

నాకు అదంతా చూస్తే జాలేసేది. ఎందుకంటారా? నేను గూడూరు దగ్గర మిరప తోటలు పెట్టే ఇంటి బిడ్డను. మా అమ్మ దృష్టిలో శుభ్రం అంటే రెండే పనులు. కుంకుడుకాయ నురుగులో తోమడం, తీసుకెళ్లి ఎర్రటి ఎండలో పడేయడం. మిరపకాయలు, వడియాలు, బొంతలు, పచ్చడి జాడీలు, వానకు తడిసిన మా బడి పుస్తకాలు, జలుబు చేసిన మేము, అందరం ఆ ఎండలో ఆరి బాగుపడ్డవాళ్లమే. అలాంటిది ఇంత చదువుకున్న మనిషి ఒట్టి గుడ్డతో దుమ్మును అటు నుంచి ఇటు జరిపి, అదే శుభ్రం అనుకుంటున్నాడే అని లోలోపల బాధపడేదాన్ని.

ఆ బీరువా పై అరలో అన్నింటికంటే ముందు ఉండేది మామ వాళ్ల అక్క రికార్డు. నేను ఆమెను పెద్దమ్మ అనేదాన్ని. పాలకుర్తిలో ఉంటుంది. పెద్దమ్మ వయసులో ఉన్నప్పుడు పట్నం నుంచి ఎవరో వచ్చి, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లను తీసుకెళ్లి బతుకమ్మ పాట ఒకటి రికార్డు చేశారట. ఆ గుంపులో పెద్దమ్మ కూడా ఉంది. మామ ఆ రికార్డు పెట్టినప్పుడల్లా ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. మూడో చరణం రాగానే ఆయన చూపుడు వేలు పైకి లేచేది.

"ఆగుండ్రి, ఆగుండ్రి. గదే. గదే అక్క గొంతు."

నిజం చెప్తున్నా, నాకు ఆ గుంపులో ఒక్క గొంతు కూడా విడిగా వినపడేది కాదు. అయినా, "అవు మామా, ఎంత మంచిగున్నది," అనేదాన్ని. పెద్దమ్మ ఎదుట ఉంటే తల దించుకుని కొంగు సర్దుకునేది. ఎంత అణకువ అనుకునేవాళ్లం.

ఒకరోజు పట్టణంలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే అందరూ కూర్చుని తినడం. అదీ ఆనాటి మా నిరసన. పాలకుర్తి నుంచి పెద్దమ్మ వంటకు వస్తోంది, మా అత్త తెల్లారకముందే కూరగాయలు తరగడానికి పోయింది. పొద్దున్నే మామ రికార్డులు వాయించే మిషన్ చంకన పెట్టుకుని నన్ను పిలిచారు.

"బిడ్డా, గియ్యాల అక్క గొంతు మైకుల ఊరంత ఇనాలె. నేను ముందుగాల పోయి మిషిని సదురుకుంట. అన్నం ఉడికే యాల్లకు నువ్వు రికార్డు పట్టుకొని రా. మీద జర దుమ్మున్నది, తుడువు."

"సరే మామా."

"పైలం బిడ్డా. నా పానం నీ చేతిల వెడుతున్న."

బీరువా తాళంచెవి నా చేతికి వచ్చింది. మా అత్త చేతికే ఎన్నడూ రాని తాళంచెవి. నాకు గర్వంతో కళ్లు తిరిగాయి. మామ మెచ్చుకోవాలంటే ఒక్కదాన్ని తుడిస్తే ఏం సరిపోతుంది? పై అరలోవన్నీ దించాను. పెద్ద గాబులో కుంకుడుకాయ రసం పిసికాను. బీరకాయ పీచు తీసుకున్నాను. గీతల్లో దుమ్ము పేరుకుంది కదా, గుండ్రంగా రుద్దితే ఎలా పోతుంది? అడ్డంగా రుద్దాను. నల్లటి నీళ్లు కారుతుంటే, ఇన్నేళ్ల మురికి, పాపం మామ, అనుకున్నాను. మధ్యలో అంటించి ఉన్న పేర్ల కాగితాలు నానిపోయి ఊడి వచ్చాయి. ఊడనివాటిని గోటితో గీకి మరీ తీశాను. అవును, మీరు సరిగ్గానే చదివారు.

తర్వాత వాటన్నింటినీ స్నానాల గది మీది రేకుల కప్పు మీద వరసగా పరిచాను. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నానికి ఇంకా కొంచెం టైం ఉంది. వాటి పక్కనే ఇంట్లో కడిగిన గిన్నెలు, మూతలు, ఇనుప మూకుడు, ఇడ్లీ రేకులు కూడా బోర్లించి, అదే స్నానాల గదిలోకి తలంటుకు వెళ్లాను. నెత్తి మీద రేకులు, రేకుల మీద మామ ప్రాణం.

కళ్లలో కుంకుడు నురుగు ఉండగా బయట మా పక్కింటి రజియా చాచి గొంతు వినపడింది.

"బేటీ, రోడ్డు మీద మూతలు తక్కువ వడ్డయి. మీ ఇంట్ల ఉన్నయా?"

"రేకుల మీద ఎండవెట్టిన చాచీ. నిచ్చెన ఉన్నది. ఎన్ని గావాల్నంటే అన్ని తీస్కపోండి."

పైన చప్పుడు. చాచి వెంట వచ్చిన వాళ్లెవరో ఎక్కినట్టున్నారు.

"బేటీ, గీ నల్లయి గూడనా?"

మా అత్త ఇనుప మూకుడు గుర్తొచ్చింది. "అన్ని కడిగినయే చాచీ, తీస్కపోండి."

"మధ్యల బొక్కలున్నయి గదా."

ఇడ్లీ రేకులు గుర్తొచ్చాయి. "ఉంటే ఏమైతది చాచీ, ఆవిరి పోతది."

ఈ మాట అన్నది నేనే. ఈ నోటితోనే.

తల తుడుచుకుని నిచ్చెన ఎక్కి చూస్తే రేకుల మీద ఇడ్లీ రేకులు ఉన్నాయి. మూకుడు ఉంది. రికార్డులు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. రేకు మీద చెయ్యి ఆనిస్తే చుర్రుమని కాలింది. ఆ కాలడంలో నాకు రెండు సంగతులు ఒకేసారి అర్థమయ్యాయి. రికార్డులు ఈ వేడికి వంగి మూతల్లా తయారై ఉంటాయని ఒకటి, చాచి వాటిని మూతలనుకునే పట్టుకుపోయిందని రెండోది. నిచ్చెన మీద నుంచి ఎలా దిగానో నాకు తెలియదు. కిందికి రాగానే భూపాలపల్లికి ఫోన్ చేశాను.

"ఏమండీ, మామ రికార్డులు ఎండవెట్టిన. పోయినయి."

మా ఆయన ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నట్టున్నాడు.

"ఏం ఎండవెట్టినవ్?"

"రికార్డులు."

"ఎందుకు?"

"కడిగిన గదా, తడి ఉండదా?"

మా ఆయన చాలా మెల్లగా, "నేను ఈ వారం ఇంటికి రాను," అని ఫోన్ పెట్టేశాడు.

జుట్టు ముడేసుకుని చౌరస్తాకు పరుగెత్తాను. రోడ్డు పొడుగునా పొయ్యిలు, గిన్నెలు, పోలీసులు, జనం. గిన్నెల మీద మూతలు చూశాను. నల్లగా, నిగనిగలాడుతూ, అంచులు కిందికి ముడుచుకుని, నడుమ బొక్కలోంచి సన్నగా ఆవిరి చిమ్ముతున్న మూతలు. పప్పు మీద ఒకటి, వంకాయ కూర మీద ఒకటి, చారు మీద ఒకటి, అన్నం మీద ఒకటి. రజియా చాచి అక్కడున్న ఆడవాళ్లకు చెప్తోంది, "సార్ కోడలు ఇచ్చింది. మస్తు మూతలు, గిన్నెకు సరిగ్గ కూసున్నయి."

మామ మైకు ముందు నిలబడి ఉన్నారు. "మన పాటను మనోళ్లే కాపాడుకోవాలె," అంటున్నారు. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"తెచ్చినవా బిడ్డా?"

"నాకంటే ముందే వచ్చింది మామా."

"ఏడున్నది?"

నా చూపు దానంతటదే అన్నం గిన్నె వైపు పోయింది. గిన్నె దగ్గర పెద్దమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. మామ నడుచుకుంటూ వెళ్లి మూత ఎత్తారు. దాని అంచున చిన్న గాటు. మా ఆయనకు పళ్లు వస్తున్నప్పుడు కొరికిన గాటు అది. ఆ గాటు లేకపోతే మామ గుర్తుపట్టేవారు కాదేమో. కన్నకొడుకు పళ్లను ఏ తండ్రి గుర్తుపట్టడు?

మూత నుంచి గంజి బొట్లు ఆయన తెల్లచొక్కా మీద పడుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు.

"గిది ఎవలు కడిగిండ్రు?"

"నేనే మామా."

"దేనితోని?"

"కుంకుడుకాయతోని."

"తుడిచినవా?"

"తోమిన మామా. బీరకాయ పీచుతోని."

"ఎండల వెట్టినవా?"

"రేకుల మీద."

తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. కానీ ఆ మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ క్షణంలో గూడూరు వైపు పోయే బస్సు కనపడితే తడిజుట్టుతోనే ఎక్కేసేదాన్ని. కానీ మేమే బస్సులు ఆపేసి రోడ్డు మీద కూర్చున్నాం.

"అక్కా," అన్నారు మామ, ఆ మూత చూపిస్తూ. "గిది నీ రికార్డే. నీ గొంతు పోయింది."

పెద్దమ్మ మూతను చూసింది, మామను చూసింది. "నా గొంతు నాకాడనే ఉన్నది. ముందుగాల మూత వెట్టు, అన్నంల దుమ్ము వడుతది."

"అట్ల గాదక్కా. మూడో చరణంల..."

"మూడో చరణంల నేను లేనురా."

పొయ్యిలో కట్టెలు చిటపటమంటున్నాయి.

"అంటే?"

"ఆ దినం పట్నంల మిషిని కాడి ఆయన ఒక్కొక్కల్లను పాడుమన్నడు. నేను నోరు దెర్సిన్నో లేదో చేతులు అడ్డం వెట్టిండు. అమ్మా, నువ్వు చప్పట్లు కొట్టు, సాలు అన్నడు. గా రికార్డుల చప్పట్లే నాయి."

"మరి గా గొంతు ఎవలది?"

"జనగామ పిల్ల ఒకామెది. పేరు గూడ యాదికి లేదు."

మామ పక్కనున్న బస్తా మీద కూలబడ్డారు. మా అత్త ఉల్లిగడ్డలు కోస్తున్న కత్తి అలాగే పట్టుకుని ఉండిపోయింది. నా సంగతి చెప్పాలంటే, నేను తోమి తోమి పోగొట్టింది ఎవరో జనగామ పిల్ల గొంతని తెలిశాక ఏడవాలో ఊపిరి పీల్చుకోవాలో తెలియక రెండూ చేశాను.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు ఏలు లేపి, గదే అక్క అనుకుంట మురిసిపోతుంటివి. నీ ఏలు దించబుద్ధి కాలేదురా." పెద్దమ్మ గరిటె నా చేతిలో పెట్టి కొంగు నడుముకు దోపింది. "ఊరంత ఇనాల్నన్నవ్ గదా. మైకు ఇటు తే."

పెద్దమ్మ పాడింది. పట్నం ఆయన తప్పేమీ లేదని మొదటి మాటకే తెలిసిపోయింది. ఎండిన బావిలో గిలక తిరిగినట్టుంది ఆ గొంతు. మైకు కీచుమంది. టెంటు మీది కాకులు లేచిపోయాయి. కాపలా ఉన్న పోలీసులు లాఠీలతో సహా వెనక్కి జరిగారు. పొద్దుటి నుంచి ఎన్ని నినాదాలు ఇచ్చినా జరగనివాళ్లు. అయినా రజియా చాచి ముందుగా చప్పట్లు అందుకుంది, తర్వాత మా అత్త, ఆ తర్వాత రోడ్డు మీదున్న ఆడవాళ్లందరూ అన్నం గిన్నె చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. మూడో చరణం వచ్చింది. నేను మామ వైపు చూశాను. గంజి మరకల చొక్కాతో, బస్తా మీదే కూర్చుని, ఆయన చూపుడు వేలు పైకెత్తారు.

"గదే," అన్నారు. "గదే అక్క గొంతు."

ఈసారి నాకు కూడా వినపడింది. ఊరంతటికీ వినపడింది.

ఆ తాళంచెవి మళ్లీ నా చేతికి రాలేదు. రాకూడదు కూడా. ఆ రోజే, ఆ అన్నం గిన్నె మీద ఒట్టేసి శపథం పట్టాను. నల్లగా, గుండ్రంగా ఉన్న వస్తువు దేన్నీ ఈ జన్మలో నీళ్లలో ముంచను, తోమను, ఎండ చూపించను. నేటికీ మాట తప్పలేదు. మా ఇంట్లో రొట్టెల పెనం మా ఆయనే కడుగుతాడు. కడిగి, అంచులు పట్టుకుని, పాత ధోవతి గుడ్డతో గుండ్రంగా తుడిచి, అరలో పుస్తకంలా నిలబెడతాడు.