అయ్యవారు వేసుకోని కోటు

మా హెడ్మాస్టరు గారు పోయారన్న కబురు చిట్టమూరు వైపు నుంచి వచ్చిన బస్సు కండక్టరు తెచ్చాడు. నాయన అప్పుడు మిషను మీద ఉన్నాడు. కాలు ఆపలేదు. చేతిలోని చొక్కా కుట్టు చివరిదాకా లాగి, దారం తెంపి, నెత్తిమీది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "కోటు అట్నే ఉండిపోయింది గదమ్మా" అన్నాడు. అందాకా బిగబట్టుకున్న నాకు ఆ మాటకే ఏడుపొచ్చింది.

ఆ కోటు సంగతి మా ఊళ్ళో పాతవాళ్ళకు తెలుసు. మిగతావాళ్ళకు నేను చెప్పాలి.

ముత్తుకూరుకు ఇవతల మా ఊరి హైస్కూలుకు ఆయన వచ్చేనాటికి నేను రెండో ఫారంలో, అంటే ఏడో తరగతిలో ఉన్నాను. పంచె, తెల్ల చొక్కా, ఎండైనా వానైనా చంకలో గొడుగు. ఆ గొడుగు విప్పగా చూసినవాళ్ళు లేరు. అరిగిపోయిన సుద్దముక్కలు పారెయ్యడానికి ప్రాణం ఒప్పక జేబులో వేసుకునేవారు. చొక్కాలు కుట్టేది మా నాయనే కనుక, "అయ్యవారూ, మీ జేబులో సున్నపు బట్టీ పెట్టుకోనుండారా?" అని ఎగతాళి చేసేవాడు. ఆయన నవ్వి, ఈసారి జేబు ఇంకాస్త లోతుగా పెట్టమనేవారు.

ఆయనకు ఒకటే పిచ్చి, మా జిల్లా. ఏటా ఎస్సెస్సెల్సీ ఫలితాలు వచ్చాక రాష్ట్రంలో ఏ జిల్లా ఎక్కడ నిలిచిందో పేపరులో పడేది. ఆఖరి తరగతి అయిన ఆరో ఫారం గదిలో నల్లబల్ల మీద ఆ పేర్లన్నీ పైనుంచి కిందికి రాసేవారు. కృష్ణా, గుంటూరు, గోదావరులు పైన ఉండేవి. మా జిల్లా కోసం కిందికి వంగి వెతుక్కోవాల్సి వచ్చేది. ఆయన టీచరు ట్రైనింగు రోజుల్లో తోటివాడొకడు "నెల్లూరు వాళ్ళకు వరి పండించడం వచ్చుగానీ పిల్లల్ని పండించడం రాదు" అన్నాడట. ఆ మాట ఆయన మాకు పదిసార్లన్నా చెప్పి ఉంటారు. "కృష్ణా పిల్లోళ్ళకి రెండు తలకాయలుండాయా? మనకి ఒకటి తక్కువైందా?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఎదురుచూసేవారు.

పబ్లిక్ పరీక్షకు ముందు ప్రతి బడీ తన సొంతంగా సెలక్షన్ పరీక్ష పెట్టేది. అందులో తప్పినవాళ్ళను ఆ ఏడు పబ్లిక్ పరీక్షకు పంపరు. తప్పేవాళ్ళు రాయకపోతే బడి ఫలితం బాగుంటుంది, బళ్ళు బాగుంటే జిల్లా బాగుంటుంది. అన్ని జిల్లాల్లోనూ ఇదే వరస. మా అయ్యవారు ఏటా ఇద్దరినో ముగ్గురినో ఆపేవారు. మా ఏడు మాత్రం పట్టుపట్టి పదకొండు మందిని ఆపారు. లెక్కల్లో నాది మొదటినుంచీ కుంటినడకే. ఆపినవాళ్ళ పేర్లు అంటించిన కాగితంలో నా పేరుంది.

"వాళ్ళే వద్దన్నాక మనం పట్టుకోని వేలాడేదేంది?" అంది అమ్మ. మర్నాటినుంచి నాయన కొట్లో తెర వెనక కూర్చుని చొక్కాలకు గుండీల కాజాలు కుట్టాను. దాచుకోవడం దేనికి, ఆయన పోయారని ఇప్పుడు ఏడుస్తున్న నేనే అప్పుడు ఆయన్ని ప్రతి కాజాకూ ఒకసారి తిట్టుకున్నాను.

ఫలితాలొచ్చాయి. మా బడి జిల్లాలో మొదటిది. మా జిల్లా రాష్ట్రంలో నాలుగు మెట్లెక్కింది. అయ్యవారు బడి మొత్తానికీ బొరుగుల ఉండలు పంచారు. నెల్లూరులో సన్మానం పెడితే, జన్మలో మొదటిసారి కోటు కుట్టించుకోవడానికి మా కొట్టుకు వచ్చారు. నాయన మురిసిపోయి కొలతలు తీశాడు. సుద్దముక్కల కోసం లోపలివైపు ఇంకో జేబు కూడా పెట్టాడు.

ట్రయలు చూసుకునే రోజుకు మూడు కాజాల్లో రెండు కుట్టాను. అద్దంలో చూసుకుంటూ ఆయన కాజాను వేలితో తడిమారు. "బలే కుదిరినాయే సాయిబూ! ఎవురు కుట్టింది?"

"మా పిల్లే అయ్యవారూ" అని నాయన నన్ను పిలిచాడు.

నన్ను చూసి ఆయన ఆశ్చర్యపోయారు. "ఏమ్మా, ఈ పూట బడికి రాలేదా?"

నాకు ఒళ్ళు మండింది. "మీరే గదా అయ్యవారూ ఆపేసినారు."

"ఆపింది పరీక్షకే గదమ్మా. మళ్ళీ ఏడు రాద్దువనే గదా. బడికి రావద్దన్లేదే!"

"మాకు రెండూ ఒకటే అయ్యవారూ."

అంత పెద్ద బడిలో ఎవరు రావడం మానేశారో ఆయన చూసుకోలేదు. ఆగిన పిల్లలు మళ్ళీ అదే బెంచీలో కూర్చుంటారనే అనుకున్నారు. చదువుకున్న ఇళ్ళల్లో అలాగే జరుగుతుంది మరి. మా ఇళ్ళల్లో బడి ఒకసారి వద్దంటే వద్దనే.

"తక్కినోళ్ళు?" అన్నారు.

నాకు తెలిసినంత చెప్పాను. ఇద్దరు ఉప్పుకొటార్లలో ఉప్పు ఎత్తుతున్నారు. ఒకమ్మాయి నాట్లకు పోతోంది. కృష్ణపట్నం పట్టపుపాళెం అబ్బాయి నాన్నతో చేపల పడవెక్కాడు. ఆయన వింటూనే కోటు విప్పి నాయన చేతిలో పెట్టారు.

"సాయిబూ, ఆ మూడో కాజా కుట్టించొద్దు. ఈ పదకొండు మందీ గట్టెక్కినాక కుట్టిద్దురు గానీ. అప్పుడేసుకుంటా."

సన్మానానికి సుద్ద జేబు చొక్కాతోనే వెళ్ళారు. దండ వేశాక లేచి, "మేం పదకొండు మందిని బయట నిలబెట్టి ఈ స్థానం తెచ్చుకున్నాం. పక్క జిల్లాలతో పోల్చేటప్పుడు వాళ్ళను కూడా కలపండి" అని కూర్చున్నారట. తరువాత భోజనాల్లో ఆయన పక్క ఆకు ఖాళీగానే ఉందని, వెంట వెళ్ళిన డ్రిల్లు మాస్టరు చెప్పాడు.

ఆ వారమే ఇల్లిల్లూ తిరిగారు. మా గుమ్మంలో నిలబడి, "తప్పు నాదే తల్లీ, పిల్లని పంపించు" అని మా అమ్మను అడిగారు. హెడ్మాస్టరు అంతటివాడు తప్పు నాదనేసరికి అమ్మ మంచినీళ్ళు తేవడానికి లోపలికి పోయింది. నా కోపం ఆ పూటతో పోయింది. పట్టపుపాళెం అబ్బాయి తప్ప పదిమందిమీ తిరిగి వచ్చాం. పొద్దున్నే బడి గంటకు ముందు వరండాలో కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారు. "పోల్చుకోవడం తప్పుగాదు. ఎవుర్ని దాచిపెట్టి పోలుస్తుండామో చూసుకోవాల" అనేవారు. జిల్లాల పేర్లు మాత్రం మళ్ళీ బల్ల మీద రాయలేదు.

ఆ ఏడు ఎవరినీ ఆపకుండా అందరినీ పరీక్షకు పంపారు. నేను గీత మీద పాసయ్యాను. చాలామంది తప్పారు. మా బడి జిల్లాలో అడుగుకు పోయింది. జిల్లా కూడా దిగింది. ఎవరో పెద్ద ఉద్యోగి వచ్చి తలుపేసుకుని మాట్లాడి వెళ్ళాడు. అయ్యవారిని చిట్టమూరు వైపు మార్చారు. "గాలి మార్పు, అంతే" అన్నారు మాతో. అది గాలి మార్పు కాదని టీచరు ఉద్యోగంలో చేరాక గానీ నాకు తెలియలేదు.

అక్కడినుంచి నాయనకు కార్డులు వచ్చేవి. తప్పినవాళ్ళు మళ్ళీ పరీక్షకు కట్టి ఒక్కొక్కరే గట్టెక్కుతుంటే, "సాయిబూ, ఇంకా నలుగురు", "ఇంకా ఇద్దరు". చివరి కార్డు నిరుడు వచ్చింది. "ఇంకొక్కడే." ఆ ఒక్కడూ పట్టపుపాళెం అబ్బాయి. బదిలీ అయ్యాక కూడా ఆయన పరీక్ష ఫీజు కట్టే రోజులకు ఆ పాళేనికి వెళ్ళేవారు. అయ్యవారు వస్తున్నారని తెలిస్తే అతను ఎదురుపడకుండా పడవ తీసుకుని సముద్రం మీదికి పోయేవాడు.

కబురు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం అతను మా కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. గడ్డమంతా ఉప్పు పట్టి ఉంది.

"అయ్యవారి కోటు ఈడే ఉండాదంట గదక్కా. ఒకసారి చూపిస్తావా?"

నాయన గుడ్డ తొలగించి కోటు కొక్కేనికి తగిలించాడు. రెండు కాజాలు, మూడోదాని చోట సుద్దగీత. ఏటా రంజానుకు ముందు దులిపినప్పుడు ఆ గీత చెరిగిపోతుంది. నాయన మళ్ళీ గీస్తాడు.

"ఇదెందుకు కుట్టలే?"

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అని ఇప్పుడనిపిస్తుంది.

"అంటే నేనొక్కడినే అయ్యవారిని ఆపేసింది."

"ఆయన ఏనాడూ అట్లా అన్లేదబ్బా" అన్నాను. అది నిజం.

అతను రెండు చేతులూ లుంగీకి తుడుచుకున్నాడు. తాకుతాడేమో అనుకున్నాను. తాకలేదు. బడిలో హెడ్మాస్టరు గారి బల్ల ముందు మేమంతా నిలబడినట్టు, చేతులు కట్టుకుని, తల వంచి, ఆ ఖాళీ కోటు ముందు నిలబడ్డాడు.