ఏడో దెబ్బకు ఒక గెంతు

ట్రెడిల్ మామకు నాలుగు దెబ్బల దరువు చేతకాలేదా, చేతనై కూడా వెయ్యనన్నాడా? ఇది ఇప్పటికీ తేలని సంగతి.

పందొమ్మిదేళ్లు ఆయన కాలితో తొక్కి నడిపే ఒకే ట్రెడిల్ అచ్చు మిషన్ దగ్గర నిలబడ్డాడు. దాని చక్రంలో ఒక పన్ను అరిగి, ఆరు దెబ్బలు ఠంచనుగా పడ్డాక ఏడోది కాస్త కుంటేది. కాగితం అందించే చేతికి ఆ కుంటుడు అలవాటైపోయింది. ఇంట్లో ఉల్లిపాయలు తరిగినా అదే వరస. భార్య మొదట్లో నవ్వింది. తర్వాత తనూ అలాగే బట్టలు ఉతకసాగింది.

ఆమె తమ్ముడికి గిటారు పిచ్చి. అతని స్నేహితుడు, రేడియోలు బాగుచేసేవాడు, నాలుగు పాత రేడియోలు విప్పి ఒక కీబోర్డు తయారుచేశాడు. అది వాయిస్తే అప్పుడప్పుడూ వార్తలు కూడా వినిపించేవి. డ్రమ్ములకు మనిషి దొరక్క బావ అయిన మామను కూర్చోబెట్టారు. నాలుగు దెబ్బల పాట ఎత్తుకుంటే మూడో వరసకల్లా ముగ్గురివీ మూడు దారులు.

“బావా, నీ దగ్గర ఏదో మిగిలిపోతోంది.”

“మిగల్లేదురా. నువ్వే తొందరపడుతున్నావు.”

చివరికి బావమరిదే దిగొచ్చి పాటను ఏడు దెబ్బల్లో కట్టాడు. కట్టేకొద్దీ అది పెరిగింది. తొమ్మిది నిమిషాల దాకా గొంతే లేదు. వచ్చాకా రెండు మాటలే. ఆపైన గిటారూ కీబోర్డూ అత్తాకోడళ్లలా వాదులాడుకునేవి. ఈ రకం రాక్ సంగీతానికి పేరేమిటో ముగ్గురికీ తెలియదు.

మొదటి ప్రదర్శన బస్సు కార్మికుల క్లబ్బు హాల్లో. ముందురోజు బావమరిది నేల చూస్తూ చెప్పేశాడు, జనం కాళ్లు కదలకపోతే వచ్చే వారం నుంచి బావ కుర్చీలో దరువేసే కరెంటు పెట్టె ఉంటుందని. ఆ రాత్రి మామ అన్నం సగం వదిలేశాడు.

హాల్లో మొదట అందరూ దిక్కులు చూశారు. చిందెయ్యబోయినవాళ్లు ఏడో దెబ్బకు ఒకరి మీద ఒకరు పడ్డారు. ముందు వరసలో లావుపాటి కండక్టరొకాయన పడబోయి, ఒక గెంతు గెంతి నిలదొక్కుకున్నాడు. పక్కావిడా గెంతింది. ఐదు నిమిషాల్లో హాలు హాలంతా ఆరు అడుగులు, ఒక గెంతు. కుర్చీలు గోడవారకు పోయాయి. జనం నవ్వలేక డొక్కలు పట్టుకున్నారు. కీబోర్డులోంచి పంటల ధరలు వినిపిస్తే వాటికీ గెంతారు.

నలభై నిమిషాలు దాటాక బావమరిదికి గుర్తొచ్చింది, పాటకు ముగింపు కట్టనేలేదని. కంగారుగా బావ వైపు చూశాడు. మామ డ్రమ్ము పుల్లలు ఆపాడు. దరువు ఆగలేదు. నాలుగు వందల కాళ్లు వేస్తున్నాయి, కుంటుడుతో సహా.

మామ ముఖం చేటంత అయింది. దరువుకు ఇక తన చేతులు అక్కర్లేదని పుల్లలు కుర్చీలో పెట్టి, వెనక తలుపు తీసుకుని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయాడు.