ఓష్రత్ కుడి చెయ్యి

ఓష్రత్ బుస్కీలా ఇరవై ఏళ్లు జూడో ఆడింది. యాభై రెండు కిలోల ఆడవాళ్లలో దేశంలో రెండోదో మూడోదో అయ్యేది, మొదటిది ఒక్కసారి కూడా కాలేదు. పేపర్లో ఆమె గురించి రెండుసార్లు రాశారు. అందులో ఒకసారి వేసిన ఫొటో వేరే అమ్మాయిది. పేపర్లవాళ్లకి గెలిచినవాళ్లు చాలు. ఆమె గురించి నేను రాస్తున్నానంటే, ఈ ఇరవై ఏళ్లలో ఆమె జూడో బట్టలు ఎక్కువసార్లు ఉతికింది నేను కాబట్టి.

నా పేరు లమారా. నా మొగుడు ఓతారీ జూడో నేర్పుతాడు. మేము జార్జియాలోని కుతాయిసీ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న ఈ అష్దోద్ ఊరికి వచ్చిన ఏడాదే అతను మున్సిపాలిటీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, మా వీధిలోని బాంబు షెల్టరు సంపాదించాడు. కిటికీల్లేని ఆ నేలమాళిగే మా క్లబ్బు. సైరన్ మోగితే పై నాలుగు అంతస్తులవాళ్లూ ఉన్నపళంగా దిగివస్తారు. నెత్తిన రాకెట్ ఉన్నా సరే, చాపల మీద చెప్పులతో అడుగు పెడితే ఓతారీ ఊరుకోడు. మూడో అంతస్తు ముసలావిడతో ఒకసారి దీని మీద పెట్టుకున్న తగువు, సైరన్ ఆగిన అరగంటకి గానీ తెగలేదు.

ఓష్రత్‌ని తొమ్మిదో ఏట వాళ్లమ్మ జోహరా తీసుకొచ్చింది. పిల్లకి జూడో నేర్పాలని కాదు. జోహరాకి పళ్ల ప్యాకింగ్ షెడ్డులో సాయంత్రం షిఫ్టు, పిల్లని ఎక్కడో ఒకచోట ఉంచాలి, బాలే క్లాసులో చోటు లేదన్నారట. అలా మొదలైంది.

మా జార్జియాలో కుస్తీ పట్టేవాడికి అన్నిటికంటే ముందు వచ్చే పట్టు ఒకటుంది. ఎదుటివాడు అడుగు ముందుకేయగానే మోకాలి వెనక చెయ్యి వేసి, ఎత్తి, వెల్లకిలా పడేయడం. ఓతారీ దాన్ని వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు, ఓష్రత్‌కి తన చేత్తో నేర్పాడు. పన్నెండేళ్లకే ఆ పిల్ల కుడి చెయ్యి ఎంత చురుగ్గా ఉండేదంటే, కళ్లు చూసేలోపే కాలు అందుకునేది. చిన్న వయసు పోటీల్లో యూరప్‌లో మూడో స్థానం వచ్చింది ఆ చేతి చలవే. ఆ రోజు ఓతారీ షెల్టరు మెట్ల మీద నిలబడి, వచ్చేపోయే వాళ్లందరికీ వైన్ పోశాడు. తాగనన్న పోస్ట్‌మ్యాన్‌ని కూడా వదల్లేదు.

ఆమెకి పాతికేళ్లు వచ్చిన ఏడాది జూడో పెద్దలు రూలు మార్చారు. కాలి మీద చెయ్యి వేస్తే ఆట అక్కడితో సరి, ఎన్ని పాయింట్లున్నా ఓడినట్టే. ఓతారీ వారం రోజులు జార్జియన్ భాషలో తిట్టాడు. ఆ తిట్లలో సగం నాకే కొత్త. తిట్టి తిట్టి అలిసిపోయాక, పదహారేళ్లుగా తను నేర్పినదాన్ని ఆమె చేత మరిపించడం మొదలుపెట్టాడు.

కుడి మణికట్టుకి బ్యాండేజీ చుట్టి, రెండో కొస ఆమె నడుం బెల్టుకి కట్టేవాడు. చెయ్యి మోకాలి దాకా జారబోతే బ్యాండేజీ పట్టి లాగేది. మొక్కై వంగనిది మానై వంగదని నేను అంటూనే ఉన్నాను. అతను చెవిన పెట్టలేదు. అలా నాలుగేళ్లు గడిచాయి. పొద్దున్నే బరువు దిగడానికి చెమట పట్టించే ప్లాస్టిక్ సూటు వేసుకుని సముద్రం పక్కన పరుగు, తర్వాత బడిలో పిల్లలకి వ్యాయామం చెప్పే ఉద్యోగం, సాయంత్రం షెల్టరు. ఎడమ భుజానికి రెండు ఆపరేషన్లు. పోటీ ముందు వారమైతే శుక్రవారం రాత్రి వాళ్లమ్మ బల్ల నిండా చేపలూ, గోధుమరవ్వతో వండే కుస్కుసూ పెడితే, ఈమె ఒక మూల కూర్చుని దోసకాయ ముక్కలు నమిలేది. నాలుగేళ్లు వెంట తిరిగిన అబ్బాయి, "హోటల్‌కి వెళితే నేను తింటాను, నువ్వు మెనూ చదువుతావు" అని చెప్పి వెళ్లిపోయాడు. అతన్ని నేను తప్పు పట్టను.

ఇరవై తొమ్మిదో ఏట ఒక దారి తెరుచుకుంది. ఆమె బరువులో మొదటి స్థానంలో ఉన్న అమ్మాయి మోకాలు విరిగి ఆట మానేసింది. యూరప్ పోటీలకి ఒక్కరినే పంపుతామనీ, ఓష్రత్‌కీ హైఫా పిల్ల షాకెద్‌కీ మధ్య ఒకే ఒక్క ఆట పెట్టి గెలిచినవాళ్లని తీసుకెళ్తామనీ జూడో సంఘం చెప్పింది. షాకెద్‌కి ఇరవై ఏళ్లు, ముందు చాలా కాలం ఉంది. ఓష్రత్‌కి ఇదే ఆఖరు. ఓడితే మానేస్తానని తనే అంది. ఓతారీ ఆ మాట విననట్టు నటించాడు.

ఆట నెతన్యాలో జరిగింది. జోహరా సెలవు పెట్టి వచ్చింది, నా పక్కనే కూర్చుని నా మోచెయ్యి కమిలిపోయేలా పట్టుకుంది. రెండో నిమిషంలో ఓష్రత్ ఆ పిల్లని పక్కకి తిప్పి పడేసింది. సగం పాయింటు. ఇక కాచుకుంటే చాలు. నలభై సెకన్లు మిగిలాయి. షాకెద్ తెగించి అడుగు ముందుకేసింది. ఓష్రత్ కుడి చెయ్యి కిందికి వెళ్లింది, మోకాలి వెనక పడింది, ఆ పిల్ల గాల్లోకి లేచి వెల్లకిలా పడింది. అంత అందమైన పట్టు నేను చూడలేదు. రిఫరీ ఆట ఆపి, ఓష్రత్ ఓడినట్టు చెయ్యి చూపాడు. ఆయన చేసింది న్యాయమే, అందరికీ కనిపించింది. ఓష్రత్ బెల్టు సర్దుకుని, వంగి దణ్ణం పెట్టి, దిగిపోయింది.

తిరిగివచ్చే దారిలో ఓతారీ కారు పక్కకి తీసి ఆపాడు. వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు.

"ఆ చెయ్యి నీది కాదమ్మా, నాది. అక్కడ పెట్టింది నేను. మళ్లీ తీయడం నా వల్ల కాలేదు."

వెనక సీట్లో ఓష్రత్ పక్కనున్న జోహరా, ఎవరి చెయ్యైతేనేం, ముందు పిల్లకి తిండి పెట్టనీయండి అంది.

ఆ శుక్రవారం ఓతారీ జోహరా ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. తర్వాత క్లబ్బులో పెద్ద పిల్లల్ని పిలిచి, ఇక పోటీలకి ఎవరినీ తయారు చేయననీ, వేరే కోచ్‌ని చూసుకొమ్మనీ చెప్పాడు. అరవై రెండేళ్ల మనిషి. ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. పోస్తే టీ తాగేవాడు, పోయకపోతే అడిగేవాడు కాదు.

రెండు వారాలకి ఓష్రత్ మా ఇంటికి వచ్చింది. క్లబ్బు బట్టలు ఇచ్చేయడానికట. ఓతారీ అప్పటికే బయటికి వెళ్లాడు. బీన్స్ కూర వేడి చేసి పెడితే రెండుసార్లు వడ్డించుకుంది, రొట్టెతో గిన్నె అడుగు తుడిచి తింది. అప్పుడు చెప్పింది.

"చెయ్యి మర్చిపోయి వెళ్లలేదు లమారా."

నాకు అర్థం కాలేదు.

"కాలు ముందుకి రావడం చూశాను. గడియారం కూడా చూశాను. గెలుస్తున్నానని తెలిసింది. గెలిస్తే రేపు పొద్దున్నే మళ్లీ ఆ పరుగు, ఆ బరువు, ఆ బ్యాండేజీ. యూరప్ పోటీల దాకా ఇంకో మూడు నెలలు. నా వల్ల కాదనిపించింది. ఊరికే పడిపోతే ఓతారీ కనిపెట్టేస్తాడు. అందుకే కాలు పట్టుకున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. దీని కోసం ఒక మనిషి తిండీ నిద్రా మానేసి కూర్చున్నాడు. చెంప పగలగొడదామనుకున్నాను. వద్దనుకుంటే ముందే నోరు తెరిచి చెప్పొచ్చు కదా అని అడిగాను.

"ఎవరికి చెప్పను? నాకంటే ఎక్కువ కష్టపడుతున్నది అతను. అలిసిపోయానని అతని మొహం మీద ఎలా చెప్పను?" అంది. "నువ్వూ చెప్పొద్దు. తప్పు తనదనుకుంటే భరిస్తాడు. నేనే వదిలేశానంటే భరించలేడు."

గిన్నెలు కడిగి వచ్చేసరికి సోఫాలో పడి నిద్రపోతోంది. నోరు తెరుచుకుని, ఒక కాలు కింద వేలాడేసి. ఇరవై ఏళ్లలో ఆ పిల్ల పగటిపూట నిద్రపోవడం నేను చూడలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు, ఏడుపొచ్చింది.

ఓతారీ వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయి, చెప్పులు విడిచి, శబ్దం చేయకుండా దగ్గరికి వెళ్లి కాసేపు చూశాడు.

"చూశావా, ఎంత అలిసిపోయిందో," అన్నాడు. "అంతా నా వల్లే."

నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. అది చెబితే ఈ మనిషి రేపు మళ్లీ షెల్టరు మెట్లు దిగుతాడు. కానీ ఈ పిల్ల మొహం మళ్లీ చూడడు.

"మెల్లగా మాట్లాడు, లేస్తుంది," అన్నాను.