అయినవి, కాబోయేవి

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితం చేతిలో పడితే నాకు ఇప్పటికీ చెంపలు వేడెక్కుతాయి. నిన్న శనివారమూ అంతే. బూర్గంపాడు సెంటర్లో షాపతను కాగితాల కట్ట నా చేతికిచ్చాడు. ఆ వేడి, ఆ కమురు వాసన తగలగానే అనసూయ మేడం గొంతు వినిపించింది. "పేరు చెప్పు సునీతా. పేరు లేని ముచ్చట ముచ్చట గాదు." ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకో చెప్పాలంటే నా పరువు నేనే తీసుకోవాలి. సరే, తీసుకుంటాను.

అనసూయ మేడం అప్పట్లో మా కాంప్లెక్స్ హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్. చుట్టుపక్కల అడవి పల్లెల్లోని చిన్న బళ్లు పదిహేను ఆమె కింద ఉండేవి. ఆ బళ్ల వార్తలన్నీ ప్రతి శనివారం ఒకే కాగితం మీదికి తెచ్చేవారు. దాని పేరు 'వారం ముచ్చట్లు'. ఒక వైపు 'అయినవి', రెండో వైపు 'కాబోయేవి'. ఏ ఊళ్లో బోరింగు బాగైంది, ఎవరు కబడ్డీలో గెలిచారు, టీకాలు ఎప్పుడు, తల్లిదండ్రుల మీటింగు ఎప్పుడు, అన్నీ అందులో ఉండేవి. సోమవారం ప్రార్థన కాగానే ప్రతి బళ్లో దాన్ని చదివి గోడకు అంటించాలి. మేడం నాన్న బొగ్గు బాయిలో పనిచేసినాయన. సైరన్‌కు లేచి, సైరన్‌కు పడుకున్న ఇంటి ఆడపిల్ల కాబట్టి శనివారం పన్నెండుకల్లా మా ఫోన్ రాకపోతే పన్నెండూ ఐదుకు ఆమె ఫోనే వచ్చేది.

నాది వైరా. ఇరవై మూడేళ్లకు ఉద్యోగం వచ్చింది, అదీ అడవిలో ఒక్క టీచరున్న బడి. ఫోన్ మాట్లాడాలంటే వాటర్ ట్యాంకు మెట్లెక్కాలి. పిల్లలకు ఇంట్లో కోయ మాట, నాకేమో అందులో ముక్క రాదు. వాళ్లు నన్ను చూసి నవ్వేవాళ్లు, నేను క్యాలెండర్ చూసి ఏడ్చేదాన్ని. ఒక వారం అన్ని బళ్లలో శుక్రవారం చదువుల పండుగ పెట్టమన్నారు. తల్లిదండ్రుల్ని పిలిచి వాళ్ల ముందు ఒక పిల్లతోనో పిల్లాడితోనో పాఠం చదివించాలి. నేను ఏం చేశానో తెలుసా? గురువారం పొద్దున్నే బడికి తాళం వేసి, మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థానికి వైరా పోయాను!

శనివారం తిరిగొచ్చి ట్యాంకు మెట్లెక్కి ఫోన్ చేశాను. "అయింది మేడం, బ్రహ్మాండంగా అయింది."

"మంచిది. ఎవరు చదివిండ్రు?"

"పిల్లలు మేడం."

"పేరు చెప్పు సునీతా."

నోటికి ఏ పేరొస్తే అది చెప్పాను. "సమ్మక్క, మేడం. మూడో తరగతి. ఆవు పాఠం చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు." చప్పట్లు కూడా నేనే కొట్టించాను, చూడండి నా తెలివి! సమ్మక్కకు అప్పటికి అక్షరాలే రావు. వెనక వరసలో కూర్చుని కిటికీలోంచి మేకల్ని చూసుకునే పిల్ల. తల్లి ముత్తమ్మ మిరపకాయ ఏరడానికి బూర్గంపాడు వైపు పోయి అక్కడే గుడిసెలో ఉంటోంది. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండేది.

సోమవారం కాగితం వచ్చింది. 'అయినవి' వైపు, మూడో వరసలో సమ్మక్క పేరు. చదవకుండా మడిచి బీరువాలో పెట్టాను, పీడ పోయిందనుకున్నాను. మిగతా పద్నాలుగు బళ్లు చదువుతాయన్న ఆలోచనే నాకు రాలేదు. ముత్తమ్మ మిరప ఏరే చేను పక్కనే ఒక బడి ఉంది. అక్కడి సారు మైకులో చదివాడు.

మంగళవారం పదకొండింటికి బడి ముందు ఆటో ఆగింది. ముత్తమ్మ దిగింది, మిరప ఘాటుకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చేతిలో నాలుగు మడతల కాగితం. ఆమె వెనకాలే అనసూయ మేడం దిగారు. కాగితం కావాలని ముత్తమ్మ హైస్కూలుకు పోతే, మేడం తనూ ఇటే వస్తున్నానని చెప్పి ఆటో ఎక్కించుకొచ్చారట.

"టీచరమ్మా, మైకుల నా బిడ్డ పేరొచ్చింది" అంది ముత్తమ్మ. "నేను లేనప్పుడు సదివిందంట. ఒక్కపాలి నా ముందర సదివియ్యవా?"

మేడం నా మొహం చూశారు. ఒక్క చూపుకే ఆమెకు అంతా తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. అప్పుడు వెనక వరసలోంచి సమ్మక్క లేచింది. నన్ను ఒకసారి చూసింది. వచ్చి నా బల్ల మీది పుస్తకం తీసుకుని, ఆవు బొమ్మున్న పేజీ తెరిచి, వేలు పెట్టి మొదలుపెట్టింది. "మా ఎర్రావు వాగు దాటి పోయింది. మూడు దినాలు ఎతికినం. దొరకలే. నాలుగో దినం అదే వచ్చింది. ఎనక దూడ గూడ వచ్చింది." వేలు కదులుతోంది, గొంతు తడబడలేదు. ఆ పేజీలో ఉన్నది నాలుగే ముక్కలు: ఇది ఆవు, ఆవు గడ్డి తింటుంది, ఆవు పాలు ఇస్తుంది, ఆవు మంచిది. ఎర్రావు లేదు, వాగు లేదు, దూడ లేదు. ఓరి దేవుడా! ఎనిమిదేళ్ల పిల్ల నా అబద్ధాన్ని నా ముందరే మోస్తోంది. ముత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని పిల్ల తల నిమిరి, మధ్యాహ్నం ఏరుడుంది అంటూ అదే ఆటోలో వెళ్లిపోయింది.

మేడం పిల్లల్ని ఆడుకోడానికి పంపి నా వైపు తిరిగారు. అరవలేదు. అరిస్తే బాగుండునని నేను ఎంత కోరుకున్నానో!

"నువ్వు అబద్ధం చెప్పినవ్. నేను అచ్చేసిన. ఆ పిల్ల మోసింది. ముగ్గుర్ల చిన్నది ఎవరు సునీతా?"

నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడ్వకు. నీ మీద రిపోర్టు రాసుడు నాకు అరగంట పని. రాస్తే నువ్వు పోతవ్, ఇంకొకరు వచ్చేదాక బడికి తాళమే. గప్పుడు సమ్మక్కకు చదువొస్తదా? ఆమెకు చదువొచ్చేదాక నిన్ను వదల."

ఆ శనివారం కాగితం చూసి నాకు కళ్లు తిరిగాయి. 'కాబోయేవి' వైపు అన్నిటికంటే పైన ఉంది: 'ఎండాకాలం సెలవుల ముందు ఆఖరి శనివారం సమ్మక్క కథ చదువుతుంది. అందరూ రావాలి.' మరుసటి వారం మళ్లీ అదే, కింద 'ఇంకా ఏడు వారాలు'. తరవాత ఆరు. ప్రతి సోమవారం నా మరణశిక్షను నేనే పిల్లలకు చదివి వినిపిస్తున్నట్టుండేది. కానీ ప్రతి బుధవారం మేడం వచ్చేవారు. కుర్చీ తెస్తే పక్కకు నెట్టి, సమ్మక్క పక్కన నేల మీద కూర్చుని "మీ ఎర్రావు ముచ్చట మళ్లొకసారి చెప్పు" అనేవారు. పిల్ల చెప్పిన మాట చెప్పినట్టే నల్లబల్ల మీద రాయించేవారు నాతో. "పుస్తకం తర్వాత. ముందుగాల ఆమె మాట ఆమెను చదవనియ్యి." 'వాగు' అన్నది తన నోటి మాటే బల్ల మీదుందని సమ్మక్కకు అర్థమైన రోజు, ఆ పిల్ల బల్లను చేత్తో తడిమి చూసింది. ఆ రోజు నుంచి నేను ఇంటికి పోవడానికి సెలవు చీటీలు రాయడం మానేశాను.

ఆఖరి శనివారం వచ్చింది. మిరప పనులైపోయి ముత్తమ్మ ఊళ్లోనే ఉంది. వేరే బళ్ల నుంచి టీచర్లొచ్చారు, పల్లె మొత్తం వరండాలో కూర్చుంది. సమ్మక్క కాగితం పట్టుకుని ఎర్రావు కథ చదివింది. ఈసారి తడబడింది. 'దూడ' దగ్గర ఆగి, కూడబలుక్కుని, మళ్లీ మొదటి నుంచి చదివింది. నిజంగా చదివేవాళ్లకే వచ్చే తడబాటు అది. నాకు దుఃఖం ఆగలేదు.

అందరూ పోయాక, మేడం పక్కనుండగానే ముత్తమ్మ దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకున్నాను. ఆ రోజు జరిగింది చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమే ముందు మాట్లాడింది.

"ఇయ్యాల కాయితంల ఉన్నది టీచరమ్మా. ఆ దినం లేకుండె. నాకు ఎర్కే."

"నీకు చదవరాదు కదా, ఎట్ల తెలిసింది?"

"అది మా ఎర్రావు ముచ్చట. బుక్కు రాసినోళ్లు మా ఎర్రావును ఎన్నడు జూసిండ్రు?" అని నవ్వింది. తరవాత నవ్వు ఆపి, "నా బిడ్డ నీ కోసం నిలబడ్డది. నేనెట్ల కూసోబెడ్త?" అంది.

మేడం వైపు చూశాను. అన్నీ తెలుసనుకున్న మనిషి ఆమె. "ముత్తమ్మకు తెలుసని నేను గూడ అనుకోలే సునీతా" అన్నారు, అంతే. మరుసటి వారం కాగితంలో సమ్మక్క పేరు మళ్లీ 'అయినవి' వైపు వచ్చింది. దాన్ని నేనే మైకు లేకుండా ఊరంతా వినేటట్టు చదివాను.

మేడం రిటైరై కొత్తగూడెంలో ఉంటున్నారు. ఆమె కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. నిన్న పొద్దున ఒక కొత్త టీచరు ఫోన్ చేశాడు. మాతృభాష దినం బాగా జరిగింది మేడం, పిల్లలు చాలా బాగా మాట్లాడారు అన్నాడు.

"ఎవరు మాట్లాడిండ్రు? పేరు చెప్పు బాబూ."

అటువైపు గొంతు ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో, ఎందుకు ఆగిందో నాకు చెప్పనక్కర్లేదు. తరవాత ఒక పాప పేరు చెప్పాడు. మంచిది అని రాసుకున్నాను. జిరాక్స్ షాపులో కాగితం తిప్పి చూసుకున్నాను, ఆ పేరు నేను పెట్టిన చోటే, 'కాబోయేవి' వైపు పైనే ఉంది. బుధవారం ఆ ఊరికి పోయే ఆటో మాట్లాడుకున్నాను.