లావణ్య పారిస్... మా నాన్న యానాం

మా చిన్నప్పుడు... కువైట్‌లో, ఫర్వానియాలో మేముండే బిల్డింగ్ మెట్ల మీద నన్ను ఆపి మరీ చెప్పింది లావణ్య. "ఈ సమ్మర్‌కి మేం పారిస్ వెళ్తున్నామే!"

వాళ్లది మూడో అంతస్తు, మాది ఆరు. మిగిలిన మూడు అంతస్తులూ ఏడవకుండా ఎలా ఎక్కానో నాకే తెలియదు.

వాళ్ల నాన్నగారు ఇంజనీరు. మా నాన్న అర్దియాలో ఒక కంపెనీలో స్టోర్ కీపర్. ఇద్దరం ఆరో తరగతి, ఒకే బెంచీ. దాని పెన్సిల్ బాక్సుకి అయస్కాంతం మూత ఉండేది... నాది రేకు డబ్బా. అంతవరకూ ఓర్చుకున్నాను. కానీ పారిస్ కూడా దానికేనా?

పైగా ఆ ఏడాది మా ఫ్రెంచ్ మేడమ్ సెలవుల్లో చెయ్యమన్న పని ఏమిటో తెలుసా... ఫ్రెంచ్ చరిత్ర, సంస్కృతి అంటే ఇష్టమున్న యాత్రికులు చూడదగ్గ చోట్లతో ఒక ఆల్బమ్! బాగున్నవి ఓపెన్ డే నాడు హాల్లో గోడకి పెడతారు. నాకు ఆ గోడ మీద చోటు కావాలి. అదీ లావణ్యకంటే పైన కావాలి.

నాన్న డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాను. ఆయన నవ్వేశారు.

"పారిస్ ఎందుకే అమ్మలూ? మనూరెళ్లి ఏరు దాటితే యానాం. ఫ్రెంచోళ్లు ఏలిన ఊరది. నేను సూపిత్తాను కదా!"

మాది ఎదుర్లంక. గోదావరికి ఇటు మేము, అటు యానాం. రెండేళ్లకోసారి దొరికే సెలవులో ఒక రోజంతా నాన్న నా ఆల్బమ్‌కే ఇచ్చేశారు. బాబాయి కెమెరా అడిగి తెచ్చారు. అప్పటికి వంతెన లేదు... పంటు మీద, సైకిళ్లకీ కొబ్బరికాయల బస్తాలకీ మధ్య నిలబడి ఏరు దాటాం.

ఫ్రెంచి వాళ్ల కాలం నాటి చర్చి చూశాం. పాత సమాధుల మీద ఫ్రెంచి అక్షరాలు నేను కూడబలుక్కుని చదువుతుంటే నాన్న మురిసిపోయారు. కానీ ఎక్కడ ఫొటో తీయబోయినా ఆయనే వచ్చి నిలబడేవారు... పంచె పైకి కట్టి, చేతులు కట్టుకుని.

"అడ్డు తప్పుకో నాన్నా!"

"మనిసి నిలబడితేనే కదే సర్చి ఎంతెత్తుందో తెలిసేది!"

చర్చి పక్క వీధిలో అరుగు మీద ఒక తాతగారు కూర్చుని ఉన్నారు. చిన్నప్పుడు ఫ్రెంచి బళ్లో చదివారట. నేను "బోంజూర్" అంటే నవ్వి, మా మేడమ్‌కంటే బాగా తిరిగి చెప్పారు. నా నోట్‌బుక్ తీసుకుని, ఏటవాలు అక్షరాలతో ఆ ఊరి పేరు ఫ్రెంచిలో రాసిచ్చారు. "ఇది ఎక్కడా కొనుక్కుంటే దొరకదమ్మా," అన్నారు.

నిజమే... కానీ సెలవులయ్యి కువైట్ వచ్చాక లావణ్య తన పోస్టుకార్డులు మంచం మీద పరిచింది. తళతళలాడే టవరు. దాని ముందు ఎర్ర టోపీలో లావణ్య. నా కళ్లలో నిప్పులు పోసినట్టయింది. నా ఫొటోల్లో ఏముంది? పాచి పట్టిన గోడ, ఒక మేక, ప్రతిదాంట్లో పంచె కట్టుకున్న మా నాన్న.

"నా దగ్గర రెండేసి ఉన్నాయే. నీక్కావాలా?" అంది లావణ్య. అది మంచి పిల్ల. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండేది.

తీసుకున్నాను. యానాం ఆల్బమ్ ట్రంకు పెట్టెలో అడుక్కి తోసి, లావణ్య కార్డులతో ఇంకోటి చేసి ఇచ్చాను. గోడ మీద లావణ్యది పెట్టారు. అవే బొమ్మలు రెండుసార్లు ఎందుకు పెడతారు?

ఓపెన్ డేకి నాన్న సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. గోడ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లారు... మళ్లీ వెనక్కి వచ్చారు.

"మన యానాం ఏదే?"

"మేడమ్‌కి నచ్చలేదు నాన్నా."

అంతటితో అయిపోతుందనుకున్నాను. ఆయన నేరుగా మేడమ్ దగ్గరికి నడిచారు. "మేడమ్... యానాం రియల్ ఫ్రెంచ్ మేడమ్. వెరీ ఓల్డ్ చర్చ్," అంటున్నారు వచ్చీరాని ఇంగ్లీషులో. మేడమ్ అయోమయంగా చూసి, దొంతరలోంచి నా ఆల్బమ్ తీసి ఇచ్చారు.

నాన్న ఒక్కో పేజీ తిప్పారు. టవరు... రాజభవనం... మళ్లీ టవరు. చివరి అట్ట దాకా చూశారు. "వెరీ నైస్ మేడమ్," అని తిరిగి ఇచ్చేశారు.

బయటికొచ్చాక, "యల్లా, పదమ్మా... ఎండెక్కిపోతంది," అన్నారంతే. ఆ తరువాత ఈ రోజు వరకూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు నేను కువైట్‌లోనే, మహబూలాలో ఉంటున్నాను. నాన్న రిటైరై ఎదుర్లంక వెళ్లిపోయారు. పోయిన వారం ఆయన వాట్సాప్‌లో ఒక పోస్టు పంపారు. "ఆంధ్రా పక్కనే దాక్కున్న ఫ్రాన్స్!" అని... పెట్టింది ఎవరనుకున్నారు? లావణ్య! అదే చర్చి, అదే మూల. కింద నాన్న వాయిస్ మెసేజ్... "సూసేవా అమ్మలూ, మన సర్చి! లావణ్యమ్మ ఎంత బాగా తీసిందో!"

నలభై దగ్గర పడుతున్నా అదే మంట. పారిస్ దానిదే, ఇప్పుడు యానాం కూడా దానిదేనా? అది మా నాన్న చూపించిన చర్చి కదా! కానీ ఎవరిని అనను... దాచుకున్నది నేనే.

లావణ్య ఫొటో బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అందులో మనిషి లేడు. చర్చి ఎంత ఎత్తో తెలియదు.

పంటు పోయి వంతెన వచ్చింది. అరుగు మీది తాతగారు ఇప్పుడు ఉండరు. ఇప్పుడందరూ చూసింది చూసినట్టు ఆ క్షణమే లోకానికి చూపిస్తున్నారు... నాకు మాత్రం ఇన్నేళ్లు పట్టింది. మీరూ సిగ్గుపడి దాచేసిన ఫొటో ఏదైనా ఉంటే కింద పెట్టండి, చూస్తాను.

ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసిన నా యానాం ఆల్బమ్ మొత్తం ఇక్కడ పెడుతున్నాను. పంచె కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాయన మా నాన్న.

నాన్నా... మన యానాం ఏదని అడిగావు కదా. ఇదిగో.