నాన్నమ్మ పంపిన అబద్ధపు తంతి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా చావు మాట ఎత్తితే మా నాన్నమ్మ చీపురు తీసేది. తథాస్తు దేవతలు తిరుగుతుంటారని ఆవిడ భయం. అలాంటి మనిషి ఒక బుధవారం ఉదయం తన చావు కబురు తానే రాయించింది.

మాది శ్రీకాకుళం సముద్రపుటొడ్డు. నాన్నకు రైల్వేలో పని దొరకడంతో రాయపూర్ వచ్చి గుఢియారీలో కాపురం పెట్టాం. చిన్నాన్న మాత్రం ఊళ్లోనే ఉండి చేపల వేటకు వెళ్లేవాడు. లక్ష్మివారం పడవ దింపుతామని ఉత్తరం కూడా రాశాడు. ఆ ముందురోజే రేడియోలో గరగరల మధ్య వాయుగుండం కబురు వినబడింది. జాలర్లెవరూ సముద్రంలోకి వెళ్లరాదన్నారు. మా తాతయ్యను మింగింది ఆ సముద్రమే.

"తుపాను వస్తోంది, వేటకు వెళ్లకు" అని నాన్న తంతి రాయబోతే నాన్నమ్మ ఆపింది.

"రేడియో మాట ఆడు ఇంటాడేటి? మొన్నా తుపానన్నారు, ఆకైనా కదల్నేదు. అమ్మ సచ్చిపోతంది, బేగి రమ్మని రాయి."

నాన్న కలం కింద పెట్టేశాడు. ఆవిడే పక్కన కూర్చుని రాయించి తంతి ఆఫీసుకు తరిమింది. అది అందేలోపే పడవ వెళ్లిపోతే? ఆ రెండు రోజులూ ఇంట్లో అందరికీ అదే భయం. నాకైతే నాన్నమ్మ నిజంగానే పోతుందేమోనని ఇంకో భయం. ఆవిడ కొంగు పట్టుకుని తిరిగాను.

శుక్రవారం మధ్యాహ్నానికి రాయపూర్‌లోనూ ముసురు పట్టింది. ఆ వానలో చిన్నాన్న "అమ్మా!" అని ఏడుస్తూ వీధిలోంచి పరిగెత్తుకొచ్చాడు. వసారాలో బియ్యం చెరుగుతున్న తల్లిని చూసి కొయ్యబారిపోయాడు. సంగతి తెలిశాక చేట లాగి విసిరికొట్టాడు.

"అందరూ ఏటకెళ్లిపోనారు. నానొక్కడినే పిరికోడినైపోనాను!"

నాన్నమ్మ ఆ తిట్లన్నీ ప్రసాదంలా పుచ్చుకుంది. వంగి గింజలు ఏరుకుంటూ నవ్వుతూనే ఉంది.

ఆదివారం ఊరి నుంచి తంతి వచ్చింది. పడవ తిరిగి రాలేదు. అందులో నలుగురున్నారు. చిన్నాన్న తల్లి ఒడిలో తల పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. మా నాన్నమ్మే గెలిచిందని నాకు ఒళ్లంతా పొంగిపోయింది. అదే మాట ఆవిడతో అనేశాను కూడా.

"ఆ నలుగురికీ అమ్మలున్నారు కదే," అంది నాన్నమ్మ. "ఆల పేర్న కూడా తుపాను కబురు రాయించాల్సింది. నాకు నా కొడుకొక్కడే గేపకానికొచ్చినాడు."

ఆ తర్వాత ఆవిడ నవ్వగా నేను చాలాకాలం చూడలేదు.

తుపానును ముందే పసిగట్టడానికి మనిషి ఎన్ని తరాలు ఆకాశం కేసి చూశాడో, ఆ విద్య వల్ల ఎన్ని ఓడలు రేవులోనే ఆగి బతికాయో పెద్దయ్యాక పుస్తకాల్లో చదివాను. కానీ ఆ కబురు ఎవరికి చేరాలో నాకు నేర్పింది మాత్రం నాన్నమ్మే. ఇప్పటికీ వాయుగుండం అనగానే ఊళ్లో మావాళ్లకు ఫోన్ చేస్తాను. వాళ్లు జాగ్రత్తగా ఉంటామన్నా వదలను. పక్కింటివాళ్లను పిలిపించి, వాళ్లతో కూడా మాట్లాడాకే ఫోన్ పెడతాను.