ఏడో గుడ్డ

మా నాన్నను అందరూ చెవి మేస్త్రీ అనేవారు. నలభై ఏళ్ళు మోటార్ సైకిళ్ళు బాగుచేశాడు. బండి వీధి మలుపులో ఉండగానే, చేతిలో పని ఆపకుండా, "దానికి వాల్వు కొట్టుకుంటోంది" అనేసేవాడు. విప్పి చూస్తే అదే. పనితనం ఎంతో, ముక్కు మీద కోపమూ అంతే.

షెడ్డులో ఆయన పెట్టిన రూలు ఒకటుంది. ఇంజను విప్పినప్పుడు తెరిచిన గొట్టాల్లో దుమ్మూ నట్లూ పడకుండా గుడ్డలు కుక్కుతాం. పనికి ముందు ఏడు గుడ్డలు తీయాలి, అయ్యాక ఏడూ తీగ మీద ఆరేయాలి. ఒక్కటి తగ్గినా నడినెత్తిన మొట్టికాయ. కూతుర్నని నాకేమీ మినహాయింపు లేదు. పని నేర్చుకున్న మొదటి ఏడాది నేను తిన్న మొట్టికాయలకు ఇంకొకరైతే బట్టతల వచ్చేది.

రెండేళ్ళుగా షెడ్డు నేనే చూస్తున్నాను. పోయిన వేసవిలో నాన్న ఎవరిదో బండికి బ్రేకు బిగించడం మర్చిపోయి పంపేశాడు. ఆ మనిషి గోడకు గుద్దుకొని, అదృష్టం బాగుండి బతికాడు. ఆ రోజు నేను నాన్న మీద నోటికొచ్చినట్టు అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

"సరే, బయటివాళ్ళ బళ్ళు ముట్టుకోను. నా బండొక్కటి నాకు వదిలెయ్. అది కూడా చేసుకోలేని రోజున నా పానాల సంచి నీ చేతికే ఇచ్చేస్తా" అన్నాడు.

అన్న మాట తప్పే మనిషి కాదు. అందుకే ఆ బండి మా అందరికంటే ఆరోగ్యంగా ఉండాలని కోరుకునేదాన్ని.

మొన్న ఆదివారం ఇంటి వసారాలో దానికి సర్వీసు చేశాడు. ఎప్పట్లాగే ఏడు గుడ్డలు తీసి పెట్టుకొని, కార్బురేటర్ విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. అమ్మ గుమ్మంలో కూర్చొని, "ఆ బండికి పూసిన నూనెలో సగం నా తలకు పూసుంటే జుట్టు మోకాళ్ళదాకా ఉండేది" అని దెప్పుతూనే ఉంది.

బండి స్టార్టయింది. యాక్సిలరేటర్ తిప్పగానే మాత్రం దగ్గు, నల్లటి పొగ, ఆగిపోవడం. ప్లగ్గు విప్పితే మసి. కొత్తది వేశాడు. మళ్ళీ అదే దగ్గు. స్క్రూ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మధ్యాహ్నమైంది. ఇంజను పక్కన చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"ఏమంటోందో తెలీట్లేదమ్మా" అన్నాడు.

ప్లగ్గుకు మసి పట్టి నల్లపొగ వస్తే బండికి ఊపిరాడట్లేదని నాకు నేర్పిందే ఆయన.

"నువ్వెళ్ళి భోంచెయ్యి నాన్నా, నేను చూస్తా" అన్నాను.

ఆయన లోపలికెళ్ళగానే ఎయిర్ ఫిల్టర్ మూత తీశాను. కార్బురేటర్‌కు గాలి వెళ్ళే గొట్టంలో గుడ్డ ఉంది. పొద్దున ఆయన కుక్కిందే. దాన్ని లాగి, చొక్కా జేబులో దాచేసి, మూత బిగించి కిక్కు కొట్టాను. ఇంజను హాయిగా తిరిగింది.

ఆ చప్పుడుకు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా దానికి?"

"ఏముంది, ఆ కొత్త ప్లగ్గే పనికిరాదు. మార్చేశా. ఈమధ్య అన్నీ నాసిరకమే కదా!"

"అనుకున్నా! నేను అనుకుంటూనే ఉన్నా!" ఆయన మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది. దేవుడా, ఎన్నాళ్ళైందో ఆ మొహం చూసి.

చేయి కడుక్కొచ్చి, ఈల వేసుకుంటూ సామాను సర్దాడు. గుడ్డలు తీసుకొని వసారాలో బట్టల తీగ దగ్గరికి వెళ్ళాడు. అబద్ధమాడే తొందరలో ఆ సంగతే మర్చిపోయాను నేను. ఒక్కొక్కటే ఆరేశాడు. ఆరు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. ఆరే. వంగి బండి కింద చూశాడు. ఈల ఆగిపోయింది. మెల్లగా నా వంక తిరిగాడు. నా జేబులోంచి గుడ్డ అంచు వేలాడుతోంది.

నేను ఏడ్చేశాను.

ఆయన పానాల సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నా ముందే నేల మీద కూర్చొని తల వంచాడు. నెత్తిన జుట్టు ఎంత పలచబడిపోయిందో అప్పుడే చూశాను.

"కానివ్వమ్మా" అన్నాడు. "రూలు రూలే. మొట్టికాయ వెయ్యి."

నాకు చెయ్యి రాలేదు. ఆయన మాత్రం అలాగే తల వంచుకొని కూర్చున్నాడు, నేను వేస్తానని.